మా చిన్నాయన ఆడించిన మెన్ ఇన్ బ్లాక్

మా చిన్నాయన అనంతపురంలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేసేవాడు. పెద్ద సినిమా రిలీజైతే క్లాక్ టవర్ దగ్గర నుంచి సప్తగిరి సర్కిల్ దాకా పోస్టర్లు పడేవి. హాలు ముందు పిల్లోళ్ళు "బాక్సు వచ్చిందా అన్నా" అని గేటు కీపర్‌ని పీడించేవాళ్ళు. ఆ బాక్సు తెరిచి, రీళ్ళు వరసగా పేర్చుకుని, ఎక్కడ తెగిందో ఎక్కడ అతుకు వదులైందో వేళ్ళతో తడిమి చూసుకునేది చిన్నాయన. ఊర్లోకి వచ్చే ప్రతి సినిమానీ అందరికంటే ముందు ముట్టుకునేది మా ఇంటి మనిషే అని నాకు చాలా గొప్పగా ఉండేది.

కొత్త తెలుగు సినిమా లేని వారాల్లో మార్నింగ్ షోకి ఇంగ్లీషు సినిమా వేసేవాళ్ళు. పెద్ద ఊర్లన్నీ తిరిగి తిరిగి, గీతలు పడి, అక్కడక్కడా నాలుగు మాటలు ఎగిరిపోయిన ప్రింట్లు మా ఊరికి చేరేవి. 1998 ఎండాకాలంలో అట్లా వచ్చిందే మెన్ ఇన్ బ్లాక్. అమెరికాలో అంతకు ముందు ఏడాది జులైలో విడుదలైన సినిమా. నేనప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. ఇంగ్లీషు మార్నింగ్ షో అంటే ఆడపిల్లలు వచ్చేవాళ్ళు కాదు. మా అమ్మ పంపనంటే పంపనని కూర్చుంది. చివరికి చిన్నాయనే చెప్పాడు: "హాల్లో ఏంటికి కూర్చుంటాది వదినా, నా కాడనే ఉంటాది."

అట్లా ఆ సినిమా నేను ఆపరేటర్ క్యాబిన్‌లో కూర్చుని చూశాను.

క్యాబిన్ అంటే రెండు ప్రొజెక్టర్లు పట్టేంత గది. అప్పటికింకా మా హాల్లో కార్బన్ లైటే. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి కరెంటిస్తే మధ్యలో మంట పుడుతుంది, ఆ వెలుగే తెర మీద బొమ్మ. కడ్డీలు కాలుతూ అరిగిపోతుంటాయి. మధ్య సందు ఎక్కువైతే వెలుగు తగ్గి తెర పసుపుపచ్చగా మారుతుంది. అందుకని ఆపరేటర్ ఒక కన్ను తెర మీద, ఒక కన్ను మంట మీద పెట్టి మర తిప్పుతూ వాటిని దగ్గరికి జరుపుతుండాలి. బయట ఏప్రిల్ ఎండ, లోపల ఈ మంట. ఒక మిషన్‌లో రీలు అయిపోయే ముందు తెరకి కుడివైపు పై మూల చిన్న చుక్క పడుతుంది. దాన్ని చూడగానే రెండో మిషన్ మోటారు వేయాలి. రెండో చుక్క పడగానే ఒక దాన్ని మూసి ఇంకో దాన్ని తెరవాలి. హాల్లో కూర్చున్నవాళ్ళకి రీలు మారినట్టే తెలియకూడదు. చిన్నాయన దగ్గర పని నేర్చుకుంటున్న అసిస్టెంట్ పిల్లోడు ఒకడుండేవాడు. నోరు మూసేవాడు కాదు. చుక్క పడే వేళకి మాత్రం వాడూ మాట ఆపేవాడు.

ఒక్కో మిషన్ ముందు గోడకి రెండు కంతలు. ఒక దాంట్లో నుంచి వెలుగు పోతుంది, ఇంకో దాంట్లో నుంచి మనం చూడాలి. మిషన్ చప్పుడులో మాటలు సగం కూడా వినపడవు. వినపడ్డా అమెరికా వాళ్ళ ఇంగ్లీషు నాకేం అర్థమవుతుంది అప్పుడు! అయినా ఆ సినిమా నాకు పూర్తిగా అందింది. ముఖాలు, నడకలు, ఎవరు ఎవరి వైపు ఎప్పుడు తిరిగారు, వీటితోనే అందింది. తర్వాత మాటలన్నీ తెలిసి ఎన్నోసార్లు చూశాను గానీ, ఆ ఇద్దరి నటన గురించి నాకున్న ఇష్టం ఆ కంత దగ్గర మొదలైందే.

చూడని వాళ్ళ కోసం కథ కాస్త చెప్తాను. భూమ్మీద గ్రహాంతరవాసులు ఎప్పటినుంచో మనుషుల వేషంలో బతుకుతుంటారు. వాళ్ళని కనిపెట్టుకుని ఉండటానికి న్యూయార్క్‌లో ఒక రహస్య సంస్థ. నల్ల సూటు, నల్ల టై, నల్ల కళ్ళద్దాలు. పేర్లు కూడా ఉండవు, ఒక్కో అక్షరమే. పెద్దాయన కె, టామీ లీ జోన్స్. కొత్తగా చేరిన పోలీసు కుర్రాడు జె, విల్ స్మిత్. చూడకూడనిది ఎవరైనా చూస్తే పెన్నంత కడ్డీ తీసి ఒక మెరుపు మెరిపిస్తారు, చూసింది చూసినట్టు చెరిగిపోతుంది. ఇద్దరూ కలిసి ఒక పెద్ద పురుగు నుంచి భూమిని కాపాడాలి. అంతే కథ. నిడివి 98 నిమిషాలు. తెలుగు సినిమా రెండున్నర గంటలు ఆడించే చిన్నాయనకి అది సెలవు కిందే లెక్క.

ఇందులో ఒక సీను నేను ఎంతమందికి చెప్పానో. రాత్రిపూట రోడ్డు మీద ఒక కారు ఆపుతారు. లోపల భార్యాభర్తలు, ఇద్దరూ గ్రహాంతరవాసులే. ఆమెకి నొప్పులు మొదలయ్యాయి. పురుడు పోయమని జెని వెనక సీటు వైపు పంపించి, కె భర్తని కాస్త పక్కకి తీసుకొచ్చి మాట్లాడుతుంటాడు. వెనక కారు డోరులో నుంచి ఒక పెద్ద చెయ్యి, ఆక్టోపస్‌కి ఉండేలాంటిది, బయటికొచ్చి జెని చుట్టేసి పైకి లేపి కారు మీద వేసి బాదుతుంటుంది. వాడు గాల్లో ఎగురుతున్నాడు, అరుస్తున్నాడు. ముందు నిలబడ్డ కె వెనక్కి తిరిగి చూడడు. కంగారు లేదు, నవ్వు లేదు. ఊర్లో వానలు పడ్డాయా అని అడిగేంత నిదానంగా భర్తతో మాట్లాడుతూనే ఉంటాడు.

హాల్లో ఉన్న కొద్దిమందీ పగలబడి నవ్వారు. కింద బెంచీల్లో ఎవరో ఈల కూడా వేశారు. మాటలు ఎవరికీ అర్థం కాలేదు, అవసరమూ లేదు. మా అసిస్టెంట్ పిల్లోడు విల్ స్మిత్ ఎగురుడు చూసి కడుపు పట్టుకున్నాడు. చిన్నాయన మాత్రం వేలు పెట్టి ముందున్న మనిషిని చూపించాడు.

"ఎగిరేటోణ్ణి ఎవురైనా చూస్తారు పాపా. ఈ పెద్దాయన్ని చూడు. ఈయప్ప తిరిగి చూసినాడంటే నవ్వు పోతాది. చూడకుండా నిలబడినాడే, అదీ యాక్షన్ అంటే."

ఆ మాట తర్వాత ఎక్కడ ఎవరు ఎంత గొప్పగా రాసిన సినిమా వ్యాసం చదివినా నాకు ఇదే గుర్తొచ్చేది. అప్పటికి కోట శ్రీనివాసరావు, బాబూమోహన్‌ల జంట మాకు బాగా అలవాటు. చిన్నాయన వయసు వాళ్ళకి రేలంగి, రమణారెడ్డి. మన జంటల్లో ఇద్దరూ నవ్విస్తారు, ఒకరి మీద ఒకరు పోటీ పడతారు. ఆ పోటీ చూడటమే మనకి సరదా. ఇక్కడ ఒకడే పోటీలో ఉన్నాడు, రెండోవాడు తనకి పోటీ ఉన్న సంగతే పట్టించుకోడు. నాకది కొత్త. నవ్వించే పని తనది కాదన్నట్టు నిలబడి, సినిమాలో పెద్ద నవ్వులన్నీ తన వైపే లాక్కున్నాడు జోన్స్.

తర్వాత తెలుసుకున్నాను, దర్శకుడు బ్యారీ సోనెన్‌ఫెల్డ్ నమ్మకం కూడా అదేనట. కామెడీలో ఉన్నామని నటులకి తెలిసినట్టు కనపడకూడదు అంటాడాయన. దర్శకుడు కాకముందు అమెరికా దర్శకులు కోయెన్ సోదరుల సినిమాలకి కెమెరామన్‌గా పనిచేసిన మనిషి. అందుకే ఆయన సీన్లలో ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టి వదిలేస్తాడు. పురుడు సీను ముక్కలు ముక్కలుగా కోసి, ఒకసారి ఎగిరేవాణ్ణి, ఒకసారి నిలబడ్డవాణ్ణి దగ్గరగా చూపించి ఉంటే చచ్చిపోయేది. ముందు నిశ్శబ్దం, వెనక గోల, రెండూ ఒక్క చూపులో పడాలి.

విల్ స్మిత్‌ని తక్కువ చేయడానికి ఇదంతా చెప్పడం లేదు. ఆ వయసులో నాకు నచ్చింది ఆయనే. ఫిలడెల్ఫియాలో పుట్టి ర్యాప్ పాటలతో పేరు తెచ్చుకుని, టీవీ సీరియల్లో ఆరేళ్ళు నవ్వించి, 1996లో ఇండిపెండెన్స్ డేతో పెద్ద స్టార్ అయిన మనిషి. ఈ సినిమా వచ్చేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు. పాట తెలిసినవాడి ఒళ్ళు అది, నడిచినా పరిగెత్తినా ఒక తాళం ఉంటుంది. మొదట్లో ఒక దొంగని తరుముతూ గుండ్రంగా మెలికలు తిరిగే గగెన్‌హైమ్ మ్యూజియం మీదికి ఎక్కేస్తాడు చూడండి, అక్కడే మనం ఆయన పక్షం అయిపోతాం.

ఇంకో సీనుంది. సంస్థలో చేర్చుకునే ముందు పరీక్ష. సైన్యం నుంచి వచ్చిన కుర్రాళ్ళందరూ గుండ్రటి గుడ్డు ఆకారం కుర్చీల్లో ఇరుక్కుని, ఒళ్ళో కాగితం పెట్టుకుని రాస్తుంటారు. కాగితం చిరుగుతుంది, పెన్సిల్ గుచ్చుకుంటుంది, ఎవరూ కిమ్మనరు. గది మధ్యలో ఒక టేబుల్ ఉంది. జె దాన్ని చూస్తాడు. లేచి, కిర్రుమని నేల గీసుకుపోయేలా తన కుర్చీ దాకా ఈడ్చుకుంటాడు. అందరూ తలెత్తి చూస్తారు. వాడు టేబుల్ మీద కాగితం పెట్టుకుని రాసుకుంటాడు. పరీక్షల నుంచి అప్పుడే బయటపడ్డ నాకు ఆ సీను ఎంత హాయిగా అనిపించిందో! అక్కడ స్మిత్ ముఖంలో పొగరు లేదు. టేబుల్ ఉంటే వాడుకోవాలి కదా అనే మామూలు ఇంగితమే ఉంది. హీరో తెలివిని ఇంత చిన్న పనితో చూపించిన సీన్లు ఎక్కువ లేవని ఇప్పటికీ అంటాను.

ఇంగ్లీషు సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు. మనకి లేకపోతే కుదరదు, హాలు బయట మిరపకాయ బజ్జీలు, బొరుగులు అమ్మేవాళ్ళు ఊరుకోరు. ఎక్కడ ఆపాలనేది ఆపరేటర్ ఇష్టం. చాలామంది సగం రీళ్ళు లెక్కేసి, ఎక్కడ అయిపోతే అక్కడ లైట్లు వేసేసేవాళ్ళు. ఒకాయన నోరు తెరిచి మాట మొదలుపెట్టాడు అనుకోండి, అక్కడే ఇంటర్వెల్. చిన్నాయన అట్లా చేసేవాడు కాదు. బాక్సు రాగానే ముందు రోజు రాత్రి సెకండ్ షో అయ్యాక ఒకసారి వేసి చూసుకుని, సినిమా తనంతట తాను ఊపిరి పీల్చుకునే చోటు వెతికేవాడు. దీంట్లో ఆయన ఎంచుకున్నది జె మొదటిసారి నల్ల సూటు వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడే చోటు. లెక్క ప్రకారం సగానికి చాలా ముందు. మేనేజర్ అడిగితే "ఈడ ఇప్పుతేనే జనం మళ్ళా లోపలికొస్తారు సార్" అని చెప్పాడట. నిజంగానే ఆ షో ఇంటర్వెల్ తర్వాత కుర్రాళ్ళు కొందరు చొక్కా కాలర్లు సర్దుకుంటూ నడిచొచ్చారు.

విన్సెంట్ డొనోఫ్రియో గురించి రాయకపోతే ఈ సినిమా గురించి రాసినట్టే కాదు. ఆకాశం నుంచి పడిన పురుగు ఎడ్గర్ అనే రైతుని చంపి, అతని తోలు తొడుక్కుని తిరుగుతుంది. ఆ వేషం వేసిన డొనోఫ్రియో మోకాళ్ళు సరిగ్గా వంగకుండా పట్టీలు బిగించుకుని నటించాడట. లోపలున్నది మనిషి కాదు, ఈ ఒళ్ళు దానికి ఇరుకు, అనేది ప్రతి అడుగులోనూ కనిపిస్తుంది. చక్కెర నీళ్ళు తెమ్మని ఆ ఇల్లాలిని అడిగి గటగటా తాగే సీనులో నాకు భయమేసింది, నవ్వూ వచ్చింది. రిక్ బేకర్, డేవిడ్ లీరాయ్ ఆండర్సన్‌లకి ఈ సినిమా మేకప్‌కి ఆస్కార్ వచ్చింది. అయితే ఆ నడక ఏ మేకప్ వల్లా రాదు.

చిన్నాయన దాన్ని చూడగానే "మాయా శశిరేఖ" అన్నాడు. ఒక్క క్షణం నాకర్థం కాలేదు. తర్వాత ఒళ్ళు జలదరించింది. మాయాబజార్‌లో సావిత్రి చేసింది అదే కదా! పైకి శశిరేఖ, లోపల ఘటోత్కచుడు. నగలు, చీర అన్నీ సుకుమారంగా ఉంటాయి, ఉన్నట్టుండి ఆ నడకలోకి, చూపులోకి రాక్షసుడు దిగిపోతాడు. పెళ్ళిపీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కేటప్పుడు సావిత్రి ముఖం చూడండి, ఎస్వీ రంగారావు ఆ ఒంట్లో ఉన్నాడని నమ్మేస్తాం. 1957లో ఆ సినిమా తీసిన కె.వి.రెడ్డిది మా జిల్లానే, తాడిపత్రి. ఆయన దగ్గర మాయాబజార్‌కి పనిచేసిన సింగీతం శ్రీనివాసరావే తర్వాత 1991లో ఆదిత్య 369తో తెలుగువాళ్ళని కాలయంత్రం ఎక్కించాడు. ఒక ఒంట్లో ఇంకో ప్రాణిని చూపించే నటన మాకు హాలీవుడ్ నేర్పించాల్సిన పని లేదు, మా తాడిపత్రి ఆయన నలభై ఏళ్ళ ముందే చూపించేశాడు అని చిన్నాయన ఆ రోజంతా చెప్తూనే ఉన్నాడు. నేను ఒప్పుకుంటాను. డొనోఫ్రియోని ఎంత ఇష్టపడ్డా సావిత్రి ఒక మెట్టు పైనే.

ఉద్యోగానికి హైదరాబాదు వచ్చాక డీవీడీలో, సబ్‌టైటిల్స్‌తో మళ్ళీ చూశాను. మాటలు తెలిశాక సినిమా ఇంకో రకంగా తెరుచుకుంది. కంత దగ్గర నేను చూసిన ఆ నిదానం వెనక అలసట ఉంది. కె ఒకచోట ఉపగ్రహం పంపే బొమ్మలో ఎక్కడో తోటపని చేసుకుంటున్న ఒక ఆడమనిషిని చూస్తుంటాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఆమెకే పూలు పట్టుకుని వెళ్తుండగా గ్రహాంతరవాసులు ఎదురుపడ్డారు. అప్పటినుంచి ఈ కొలువు, ఆమెకి ఆ పూలు చేరలేదు. ఈ సంగతి జోన్స్ ముఖం మీద రెండు క్షణాలకి మించి ఉండదు. జె గమనించాడని తెలియగానే బొమ్మ మూసేస్తాడు. టెక్సాస్‌లో పుట్టిన ఈ మనిషికి ద ఫ్యుజిటివ్ సినిమాకి అప్పటికే సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చి ఉంది. అందులోనూ ఇదే రకం కరకు అధికారి. ఇక్కడ అదే కరకుదనాన్ని కామెడీలోకి తెచ్చి, దాని అడుగున ఈ బాధని పెట్టాడు.

చివర్లో పురుగు చచ్చాక కె ఆ జ్ఞాపకాలు చెరిపే కడ్డీని జె చేతికిచ్చి ఎట్లా వాడాలో నేర్పిస్తాడు. ఇన్నాళ్ళూ తాను జోడీని తయారు చేసుకోలేదనీ, తన చోటికి ఇంకో మనిషిని తయారు చేశాననీ చెప్తాడు. అప్పుడు తెలుస్తుంది, అన్ని తిట్లూ, అన్ని కసుర్లూ ఎందుకో. కుర్రాణ్ణి కారుకేసి బాదుతుంటే వెనక్కి తిరిగి చూడకపోవడం కూడా ఆ శిక్షణలో భాగమేనేమో. అక్కడ స్మిత్ వాగుడంతా ఆగిపోతుంది. చేతిలో ఆ వస్తువు పట్టుకుని నిలబడి వింటాడంతే. సినిమా అంతా మాట్లాడినవాడు వినడం మొదలుపెట్టడం, నాకు సంబంధించినంత వరకు ఆయన నటనలో అదే గొప్ప చోటు.

డీవీడీలో ఆ సీను చూస్తూ నేను మా క్యాబిన్ గురించే ఆలోచించాను. చిన్నాయన కూడా ఆ అసిస్టెంట్ పిల్లోణ్ణి అట్లాగే పెంచాడు. మెచ్చుకోలు ఉండేది కాదు. రీలు మార్చేటప్పుడు తెర ఒక్క క్షణం తెల్లబడితే ఆ రోజంతా వాడితో మాట్లాడేవాడు కాదు. ఒకరోజు మాత్రం చుక్క పడే ముందు లేచి టీ తాగడానికి కిందికి వెళ్ళిపోయాడు, వాణ్ణి ఒక్కణ్ణే వదిలేసి. హాల్లో ఎవరికీ ఏమీ తెలియలేదు, రీలు మారిపోయింది. తర్వాత చిన్నాయనకి కళ్ళు సరిగ్గా కనపడక పని మానుకుంటే ఆ క్యాబిన్ వాడిదే అయింది. ఇంకొన్నేళ్ళకి రీళ్ళే పోయాయి. బాక్సు పోయి హార్డ్ డిస్కు, శాటిలైటు వచ్చాయి. కార్బన్ మంట దగ్గర చెయ్యి తిరిగినవాడు ఇప్పుడు కంప్యూటర్ తెర మీద నొక్కుతాడు. పండగకి ఊరెళ్తే కనిపిస్తాడు. ఇప్పటికీ మా చిన్నాయన ముందు కుర్చీలో కూర్చోడు.

మెన్ ఇన్ బ్లాక్ రెండో భాగం 2002లో వచ్చింది. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు. జోన్స్ ఆలస్యంగా వస్తాడు, స్మిత్ ఒక్కడే చాలా దూరం మోయాల్సి వచ్చింది. కుక్క మాట్లాడే సీన్లు బాగుంటాయి. మూడోది 2012లో వచ్చింది, అది వేరే సంగతి. జె కాలంలో వెనక్కి, 1969కి వెళ్తాడు. అక్కడ కుర్రవాడైన కె ఉంటాడు, ఆ వేషం జోష్ బ్రోలిన్ వేశాడు. విడుదలైన కొన్నేళ్ళకి అనంతపురం ఇంట్లో టీవీలో వస్తుంటే చిన్నాయనా నేనూ కలిసి చూశాం. కళ్ళకి ఆపరేషన్ అయింది, అయినా తెరకి బాగా దగ్గరగా కుర్చీ వేసుకున్నాడు. బ్రోలిన్ మొదటిసారి నోరు తెరవగానే ఉలిక్కిపడ్డాడు.

"ఈ గొంతు ఆ పెద్దాయనదే కదా పాపా?"

"ఆయనది కాదు చిన్నాయనా, ఈయనే అట్లా మాట్లాడతాండాడు."

"అబ్బ! బాగా చదివినాడప్పా ఆ మనిషిని. మెడ కూడా అట్లే తిప్పుతాడు చూడు."

నిజమే, బ్రోలిన్ అనుకరణ దగ్గర ఆగిపోలేదు. కె ఇంకా బిగుసుకుపోకముందు ఎట్లా ఉండేవాడో ఊహించి, ఆ గొంతులో కొంచెం వెచ్చదనం కలిపాడు. అప్పుడప్పుడూ నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూస్తే మొదటి సినిమాలో జోన్స్ ఏం పోగొట్టుకున్నాడో ఇంకా బాగా తెలుస్తుంది. సినిమా నడుస్తుండగా యాడ్లు వచ్చినప్పుడల్లా చిన్నాయనకి చిరాకు. ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తున్నారని టీవీ వాళ్ళని తిడుతూనే ఉన్నాడు. ఈ సినిమా మన హాల్లో వేసి ఉంటే ఇంటర్వెల్ ఎక్కడ ఇచ్చేవాడివి అని అడిగాను. ఆలోచించలేదు, వెంటనే చెప్పాడు.

"పొద్దున ఆ పొడుగు బిల్డింగు మీద నుంచి దూకినాడే, వెనక్కి పోయేదానికి. ఆడ. దూకినాడు, లైట్లు. కింద పడినాడా లేదా అని బజ్జీలు తింటా మాట్లాడుకుంటారు జనం."

నిజంగా అదే సరైన చోటు. క్రైస్లర్ బిల్డింగ్ మీద నుంచి జె దూకే చోటు. సినిమా అయిపోయాక ఇంకా దాని గురించే మాట్లాడుకుంటుంటే పిన్నమ్మ వచ్చి అన్నానికి లెమ్మని ఇద్దర్నీ కసిరింది.